డాల్ఫిన్ తలలో జలగలు కనిపిస్తే, దాన్ని చంపింది అవేనా?

తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. భీమిలి దాటాక ఒక ఊరి దగ్గర స్పిన్నర్ డాల్ఫిన్ ఒకటి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పశువైద్యులు కోస్తుంటే తలలోని గాలి గదుల్లోంచి సన్నటి ఆకుల్లాంటి పురుగులు బయటపడ్డాయి. పొట్ట వెనుక వైపు కొవ్వులో తెల్లటి తిత్తులు కనిపించాయి. "పురుగులు మెదడుకెక్కాయి, అందుకే దిక్కు తప్పి ఒడ్డుకొచ్చింది" అని అక్కడున్న ఒకాయన తేల్చేశారు. అది నిజమేనా, చేపలు తినే మనకూ ఆ పురుగులు పట్టుకుంటాయా అని మీరు అడిగారు.

నేను పశువైద్యంలో రోగనిర్ధారణ చేసేవాణ్ణి. గొర్రెల కాలేయాలతో మొదలుపెట్టి తర్వాత సముద్ర జంతువుల పోస్టుమార్టాల వైపు వచ్చాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు: కావచ్చు, కానీ మీరు రాసిన వివరాలతో ఆ మాట అనలేం. పురుగు కనిపించడం వేరు, పురుగు చంపడం వేరు. మెదడు తీసి చూశారా, లేదా అన్నది మీ రాతలో లేదు. జవాబంతా దాని మీదే ఉంది.

డాల్ఫిన్లలో, వాటికి దగ్గరి చుట్టాలైన పార్పాయిస్‌లలో చదును పురుగులు రెండు తెగలవి ఉంటాయి. ఒకటి జలగలు. రక్తం పీల్చే చెరువు జలగలు కావివి. గొర్రెల కాపర్లు జలగ రోగం అన్నప్పుడు కాలేయంలోంచి పిండి చూపిస్తారే, ఆ తెగ. పుస్తకాల్లో ఫ్లూకులు, ట్రెమటోడులు అని ఉంటాయి. రెండో తెగ బద్దెపురుగులు. మీ డాల్ఫిన్ తలలో ఉన్నవి మొదటి తెగ, కొవ్వులో ఉన్నవి రెండో తెగ. రెండూ ఒకే జంతువులో ఉన్నా వాటికి ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ లేదు.

గొర్రె జలగ ఎలా వస్తుందో మన పల్లెల్లో చాలామందికి తెలుసు. గుడ్డు పేడతో కలిసి నీళ్లలో పడుతుంది, పిల్ల నత్తలో దూరి వందలుగా పెరుగుతుంది, బయటికొచ్చి చెరువు గట్టు గడ్డికి అంటుకుంటుంది, ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయం చేరుతుంది. సముద్రంలో గడ్డి స్థానంలో ఇంకో జంతువు ఉంటుంది. డాల్ఫిన్ ఏ చేపనో, స్క్విడ్‌నో మింగినప్పుడు దానిలోని పిల్ల పురుగు లోపలికి వస్తుంది. ఈ మధ్య మెట్లలో ఏ జీవులున్నాయో, డాల్ఫిన్ తలలో ఉండే నాసిట్రీమా లాంటి జలగల విషయంలో ఇంకా ఎవరూ పూర్తిగా నిరూపించలేదు. అయినా తిండి ద్వారానే వస్తాయనడానికి మంచి ఆధారం ఉంది. పాలు తాగే పిల్లల్లో ఈ జలగలు దాదాపు కనిపించవు. చేపలకు అలవాటు పడ్డాకే మొదలవుతాయి, వయసుతో పాటు పెరుగుతాయి.

తలలో ఉన్నవి నాసిట్రీమా అయ్యే అవకాశమే ఎక్కువ. పంటి తిమింగలాల (డాల్ఫిన్లు, పార్పాయిస్‌లు ఈ కోవలోవే) తల గాలి గదుల్లో కాపురముండే జలగ ప్రజాతి ఇది. 1935లో జపాన్ శాస్త్రవేత్త ఒజాకి ఫిన్‌లెస్ పార్పాయిస్ జలగలను వర్ణిస్తూ దీన్ని లోకానికి పరిచయం చేశారు. వీపు మీద రెక్క లేని ఆ పార్పాయిస్ మన తూర్పు తీరంలోనూ ఉంది. అప్పట్లో జపాన్‌దీ మనదీ ఒకే జాతి అనుకునేవారు, ఈమధ్యే వేరు చేశారు. నాసిట్రీమా ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. తాజాగా తీసినప్పుడు బూడిద రంగులో, వెలుతురు దాటేంత పల్చగా ఉంటుంది. మధ్యలో మెలికలు తిరిగిన గోధుమరంగు గీత కనిపిస్తుంది. అది గుడ్లతో నిండిన గర్భాశయం. ఉప్పునీళ్లలో వేసి దీపం ముందు పట్టుకుంటే ముందు ఒక చూషకం (పీల్చి అతుక్కునే గిన్నె), కొంచెం కిందగా ఇంకో చూషకం స్పష్టంగా తెలుస్తాయి.

ఇవి అక్కడ ఎందుకు ప్రమాదమో అర్థం కావాలంటే డాల్ఫిన్ చెవి తెలియాలి. మన చెవి ఎముక పుర్రెలో భాగం. డాల్ఫిన్‌ది పుర్రెకు గట్టిగా అతుక్కోకుండా కణజాలం మీద వేలాడుతుంది, చుట్టూ గాలి గదులు ఉంటాయి. ఆ గాలే చెవిని పుర్రె నుంచి వేరు చేస్తుంది. అందువల్లే నీళ్లలో చప్పుడు ఎటునుంచి వస్తోందో కుడి ఎడమలుగా పోల్చుకోగలుగుతుంది. వేట, దారి, గుంపుతో మాట అన్నీ ఆ వినికిడి మీదే. నాసిట్రీమా ఉండేది సరిగ్గా ఆ గదుల్లో. అది పెట్టిన గుడ్లు చీమిడిలో కలిసి, తల పైనున్న ఊపిరి రంధ్రం గుండా సముద్రంలో పడతాయి. బతికున్న డాల్ఫిన్‌లో ఈ పురుగును కనిపెట్టే తేలిక దారి కూడా ఇదే. అది ఊపిరి చిమ్మేటప్పుడు రంధ్రం మీద గాజు పలక పట్టి, అంటిన చీమిడిని సూక్ష్మదర్శిని కింద చూస్తే మూడు పలకలుగా ఉండే గోధుమరంగు గుడ్లు దొరుకుతాయి.

అక్కడే ఉండిపోతే చాలాసార్లు కాస్త వాపు, చీమిడి, అంతకు మించి ఏమీ ఉండదు. కొన్ని పురుగులు దారి మళ్లి చెవి నరం వెంట పుర్రె లోపలికి పోతాయి. చప్పుడునూ, ఒంటి తూకాన్నీ మెదడుకు చేరవేసేది ఆ ఎనిమిదో కపాల నరమే. అమెరికాలో శామ్ రిడ్జ్‌వే, ముర్రే డేలీ 1972లో కాలిఫోర్నియా తీరాన ఒంటరిగా ఒడ్డుకొచ్చిన డాల్ఫిన్ల మెదళ్లను పరీక్షించి, చచ్చుబడి రక్తం చిమ్మిన భాగాల్లో జలగ గుడ్లను చూపించారు. జపాన్‌లో మోరిమిత్సు బృందం 1986, 1987లో ఇంకో అడుగు ముందుకేసింది. గుంపులుగా ఒడ్డుకొచ్చే పంటి తిమింగలాల్లో ఆ ఎనిమిదో నరమే దెబ్బతిని ఉందనీ, మూలకారణం నాసిట్రీమా అనీ వాదించింది. మీ ఒడ్డున ఆయన అన్న మాటకు మూలం ఇదే. గాలి మాట కాదు.

గుంపులకు దాన్ని అన్వయించడం దగ్గరే నాకు అభ్యంతరం. ఒక్క డాల్ఫిన్ మెదడు పాడై ఒడ్డెక్కిందంటే నమ్ముతాను, అలాంటి గాయాలు చూశాను కూడా. పదుల సంఖ్యలో ఒక్కసారే వచ్చినప్పుడు అన్నిటి నరాలూ ఒకే రోజు పాడవ్వవు. గుంపు కట్టి తిరిగే జాతుల్లో ఒకటి ఒడ్డు వైపు తిరిగితే మిగతావి వెంట వెళ్లడం, వైరస్, సోనార్ మోతలు, లోతు తగ్గే ఇసుక తిన్నెలు, ఇలా ఎన్నో ఉన్నాయి. పైగా వలల్లో చిక్కి, తిండి బాగా తిని బలంగా ఉన్న స్థితిలో చచ్చిన జంతువుల తలల్లోనూ నాసిట్రీమా దొరుకుతుంది. కాబట్టి గాలి గదిలో పురుగు కనిపించగానే కారణం దొరికిందనుకోవడం తొందరపాటు.

ఇదే విషయాన్ని కాలేయం ఇంకా బాగా చెప్తుంది. ఐరోపా చల్లటి నీళ్లలో ఉండే హార్బర్ పార్పాయిస్ కాలేయంలో క్యాంపులా ఆబ్లాంగా అనే జలగ ఉంటుంది. 1858లోనే కాబోల్డ్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని వర్ణించాడు. జబ్బు ముదిరిన కాలేయాన్ని అడ్డంగా కోస్తే పిత్తనాళాలు మూసుకోకుండా, గోడలు తెల్లగా మందమై, నోళ్లు తెరుచుకుని నిలబడతాయి. బొటనవేలితో నొక్కితే పచ్చగోధుమ రంగు చిక్కటి ద్రవంతో పాటు సెంటీమీటరు లోపు పురుగులు జారి వస్తాయి. జలగ పట్టిన గొర్రె కాలేయం కోసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒక తేడా ఉంది: ఈ జంతువులకు పిత్తాశయం లేదు, పిత్తనాళం క్లోమం గుండా పోతూ దాని నాళాన్ని కలుపుకుంటుంది. అందుకే క్యాంపులా క్లోమంలోకీ పాకి అక్కడా గట్టి మచ్చలు పెడుతుంది.

ఇంత పాడుచేసే పురుగైనా చాలా పార్పాయిస్‌లు దాంతోనే ఏళ్ల తరబడి బతుకుతాయి. ఉత్తర సముద్రం, బాల్టిక్ తీరాల్లో వలల్లో మునిగి చచ్చినవాటిని ఏళ్లుగా పోస్టుమార్టం చేస్తున్నారు. కాలేయంలో జలగలు, పిత్తనాళాల్లో మచ్చలు ఉన్నా చర్మం కింద కొవ్వు మందంగా ఉన్న జంతువులు వాటిలో కనిపిస్తాయి. నాకు ఈ వలలో చిక్కినవే అన్నిటికంటే విలువైన పాఠం. ఒడ్డుకొచ్చిన రోగిష్టి జంతువులనే చూస్తూ పోతే ప్రతి పురుగూ హంతకురాలిలా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉండి ప్రమాదంలో పోయినవాటిని పక్కన పెట్టి చూసినప్పుడే ఏ మోతాదు మామూలో, ఏది మితిమీరిందో తెలుస్తుంది.

కడుపులో ఫోలెటర్ గ్యాస్ట్రోఫిలస్ అనే చిన్న జలగ ఉంటుంది, మిల్లీమీటర్లలోనే. అది పొట్ట గోడ లోపలి పొరల్లో దూరి కూర్చుంటుంది, చుట్టూ శరీరం గట్టి గడ్డ కడుతుంది. గడ్డ పైన సూదిమొన అంత రంధ్రం, నొక్కితే గుడ్లతో నిండిన నల్లగోధుమ రసం. మధ్యధరా సముద్రపు చారల డాల్ఫిన్లలో స్పెయిన్‌లోని వలెన్సియా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని చాలాకాలం అధ్యయనం చేశారు. గడ్డలు పెద్దవై కడుపు దారిని ఇరుకు చేస్తే తప్ప సాధారణంగా ప్రాణం మీదికి తీసుకురాదు. బాటిల్‌నోస్ డాల్ఫిన్ కడుపులో వేలాడే బ్రౌనినా అనే జలగ కూడా అంతే, చూడ్డానికి భయం వేస్తుంది గానీ హాని తక్కువ.

ఇక మీరు చూసిన తెల్లటి తిత్తులు. కొవ్వు పొరలో, మలద్వారం జననాంగాల చుట్టుపక్కల ఎక్కువగా, శనగగింజ పరిమాణంలో ఉండి, కత్తితో చీరితే తెల్లటి పురుగు తల లోపలికి ముడుచుకుని ఉంటే అది బద్దెపురుగు పిల్లదశ. చాలాకాలం ఫిల్లోబోత్రియం డెల్ఫినీ అనేవారు. పొట్ట కుహరాన్ని కప్పే పొరల్లో పొడవాటి దారంతో ఉండే దాన్ని మోనోరిగ్మా గ్రిమాల్డీ అన్నారు. జన్యు పరీక్షలు ఈ రెండూ పెద్ద సొరల పేగుల్లో పెరిగే క్లిస్టోబోత్రియం అనే బద్దెపురుగుల పిల్లలని చూపించాయి. అంటే వీటికి డాల్ఫిన్ మధ్య మజిలీ మాత్రమే. సొర ఆ డాల్ఫిన్‌ను కొరికి తింటేనే పురుగు పెద్దదవుతుంది. పొట్ట వెనుక భాగంలోనే ఇవి ఎందుకు గుమిగూడతాయన్నదానికి ఒక ఊహ ఉంది: సొరలు డాల్ఫిన్‌ను వెనుక నుంచి, కింది నుంచి కొరుకుతాయి, కాబట్టి అక్కడుంటే సొర నోట్లో పడే అవకాశం ఎక్కువ. నాకు ఆ ఊహ సబబుగానే అనిపిస్తుంది. డాల్ఫిన్‌కు వీటివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. మీ డాల్ఫిన్ చావుకూ వీటికీ సంబంధం లేదని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

మన దేశానికీ ఈ పురుగుల చరిత్రకూ పాత సంబంధం ఉంది, ఎవరూ చెప్పుకోరు గనుక ఇక్కడ రాస్తున్నాను. ఇరావడీ డాల్ఫిన్‌ను 1866లో ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ కొత్త జాతిగా వర్ణించింది విశాఖపట్నం రేవులో దొరికిన నమూనా ఆధారంగా. దాన్ని పంపింది అప్పటి మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్. పదేళ్లకు, 1876లో, పైన చెప్పిన కాబోల్డే గంగా డాల్ఫిన్‌లోనూ ఇరావడీ డాల్ఫిన్‌లోనూ ఉన్న జలగల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. కలకత్తా ఇండియన్ మ్యూజియం అధికారి జాన్ ఆండర్సన్ వాటిని సేకరించి పంపాడు. అంత ముందుగా మొదలైన పని మన తీరంలో అక్కడే ఆగిపోయినట్టుంది. ఒడ్డుకొచ్చే జంతువుల్ని చాలాచోట్ల కొలతలు రాసుకుని పూడ్చేస్తున్నారు. మీ వైద్యులు తల కోసి చూడటం నిజంగా మెచ్చుకోవలసిన పని.

మీ డాల్ఫిన్ విషయంలో నేనైతే ఇవి అడుగుతాను. మెదడు గట్టిగా ఉందా, లేక కుళ్లి జారిపోయిందా? మన ఎండకు రెండో రోజుకే మెదడు నీరైపోతుంది, ఆ తర్వాత పరీక్షకు పనికిరాదు. గట్టిగా ఉంటే చెవి నరం దగ్గర, చిన్నమెదడు పక్కన ఎర్రటి, పసుపు మచ్చలున్నాయా? ఒట్టి పురుగు అక్కడ ఉండటం చాలదు, జంతువు చచ్చాక పురుగులు చోటు మారగలవు. బతికున్న శరీరం మాత్రమే చేయగలిగిన పనులు కనిపించాలి: గుడ్ల చుట్టూ కణజాలం చచ్చుబడటం, రక్తం చిమ్మటం, పురుగుల మీదికి వచ్చే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు మూగటం. వాటికి సూక్ష్మదర్శిని పరీక్ష తప్పదు. ముక్కు, రెక్కలు, తోక అంచుల మీద దారం కోసినట్టు గీతలున్నాయా? ఊపిరితిత్తుల్లో నురుగు ఉందా? కడుపులో అరగని చేపలున్నాయా? ఈ మూడూ ఉండి కొవ్వు మందంగా ఉంటే నేను ముందు వలనే అనుమానిస్తాను, తలలో ఎన్ని జలగలున్నా సరే. అదే డాల్ఫిన్ బక్కచిక్కి, కడుపు ఖాళీగా ఉండి, చచ్చేముందు తీరం దగ్గర ఒక పక్కకు ఒరిగి గుండ్రంగా తిరగడం ఎవరైనా చూసి ఉంటే, అప్పుడు మెదడు వైపు మొగ్గుతాను.

ఒడ్డుకు బతికి వచ్చినవాటికి వైద్యం ఉందా అని ఇంకొకరు అడిగారు. ప్రాజిక్వాంటెల్ పనిచేస్తుంది, కుక్కల బద్దెపురుగులకు ఇచ్చే మందే. అక్వేరియంలలో పెంచే డాల్ఫిన్లకు, కోలుకుంటున్న వాటికి బరువును బట్టి ఇస్తారు. గడ్డకట్టించిన చేపలే పెడతారు కాబట్టి కొత్తగా పురుగులు చేరవు. మెదడులో గాయం అయిపోయాక మాత్రం మందు పురుగును చంపుతుందే గానీ పోయిన నరాన్ని తిరిగి తేలేదు.

మనకు వస్తాయా అన్నదానికి: నాసిట్రీమా గానీ, ఆ కొవ్వు తిత్తులు గానీ చేపల ద్వారా మనల్ని పట్టుకుంటాయన్న భయం అక్కర్లేదు. డాల్ఫిన్ చదును పురుగుల్లో మనుషులకు వచ్చినట్టు తెలిసినది డైఫిల్లోబోత్రియం స్టెమ్మాసెఫాలమ్ అనే బద్దెపురుగు. పచ్చి సముద్రపు చేప తినే జపాన్‌లో అలాంటి కేసులు నమోదయ్యాయి. పులుసులోనో వేపుడులోనో పూర్తిగా ఉడికిన చేపలో ఏ పిల్ల పురుగూ బతకదు. పచ్చి చేప తినేవాళ్లు మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు గడ్డకట్టించినదే తినాలి. చేప పొట్టలో గుండ్రంగా చుట్టుకుని ఉండే సన్నటి తెల్ల పురుగులు వేరే, అవి అనిసాకిస్, ఏలికపాముల జాతి. డాల్ఫిన్ కడుపులోనే అవీ పెద్దవవుతాయి గానీ చదును పురుగులు కావు. పచ్చిగా తింటే మనిషికి కడుపునొప్పి తెచ్చేది అవే, ఉడికిస్తే చచ్చేదీ అవే.

మీ ఊళ్లో భయపడాల్సింది పురుగుకు కాదు, వట్టి చేతులతో కోయడానికి. డాల్ఫిన్లలో బ్రూసెల్లా సెటీ అనే బ్యాక్టీరియా ఉంటుంది, పశువుల్లో ఈసుకుపోయే రోగం తెచ్చే బ్రూసెల్లాకు దగ్గరి చుట్టం. సముద్ర జంతువుల బ్రూసెల్లా మనుషులకు వచ్చిన సందర్భాలున్నాయి. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు, కళ్లద్దాలు లేకుండా తల రంపంతో కోయించకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. డాల్ఫిన్లన్నీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, కాబట్టి ముందు అటవీశాఖకు చెప్పి, వాళ్లుండగానే పని మొదలుపెట్టాలి.

మీ వైద్యుల దగ్గర పురుగులు ఇంకా ఉంటే వాటిని ఫార్మలిన్‌లో వేయొద్దని చెప్పండి, జన్యు పరీక్షకు పనికిరాకుండా పోతాయి. బతికున్నవైతే వేడి ఉప్పునీళ్లలో వేస్తే ముడుచుకోకుండా సాగి చస్తాయి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచాలి. కొన్నింటిని విడిగా 95 శాతానికి పైగా ఉన్న ఆల్కహాల్‌లో జన్యు పరీక్షకు పెట్టాలి. మెదడు, కాలేయం, కడుపు ముక్కలు మాత్రం 10 శాతం ఫార్మలిన్‌లోనే, ముక్క ఒక సెంటీమీటరు మందం దాటకుండా. సీసా లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి, ఆల్కహాల్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది. చీటీ మీద తేదీ, ఊరు, డాల్ఫిన్ పొడవు, ఆడదో మగదో, పురుగు తలలో సరిగ్గా ఏ వైపు గదిలో దొరికిందో ఉండాలి. విశాఖలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ముందు అక్కడ అడిగి చూడండి. మెదడు ఫొటోలు ఏవైనా ఉంటే ఇక్కడ పెట్టండి, చూసి నా అభిప్రాయం రాస్తాను.